నేల, నీడ: కంప్యూటర్ లెక్కలో తరగతి గది



మే నెల మధ్యాహ్నం నాందేడు వీధిలో నడచి వచ్చినవారు షాబాదు బండలు పరచిన వసారాలో కాలు మోపగానే "అమ్మయ్య" అంటారు. ఆ ఒక్క మాటలో రెండు సంగతులున్నాయి: పైన నీడ, క్రింద నేల. భవనం ఎంత వేడెక్కగలదో కట్టకముందే లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాములు నేడు ఉన్నాయి. అమెరికా ఇంధన శాఖ 2001లో విడుదల చేసిన ఎనర్జీప్లస్ వాటిలో పేరెన్నికగన్నది, ఉచితంగానే లభిస్తుంది. దానిని వాడేవారు తరచు తడబడేది ఈ రెండింటి దగ్గరే కావడం విచిత్రం.

గోడకు అవతల గాలి ఉంటుంది. దాని ఉష్ణోగ్రత వాతావరణ పట్టికలో దొరుకుతుంది. నేలకు అవతల ఉన్నది మట్టి. దాని ఉష్ణోగ్రతను మనిషే చెప్పాలి. చెప్పకుంటే ఎనర్జీప్లస్ ఏడాది పొడవునా 18 డిగ్రీలని తనంత తానే భావిస్తుంది. ఏ.సి. నడిచే పెద్ద కార్యాలయాలకు అది సరిపోవచ్చు. పంకా మాత్రమే తిరిగే నాందేడు తరగతి గదికి సరిపోదు. లేని చల్లదనాన్ని మట్టిలోనుంచి గదిలోకి తెచ్చి, పిల్లలు హాయిగా ఉన్నారని యంత్రం తీర్పు చెబుతుంది. చెమటోడ్చేది మాత్రం పిల్లలు! మేడమీది గది సంగతి వేరు. క్రింది గది కప్పే దానికి నేల. అక్కడ మట్టి అని వ్రాస్తే లెక్క తారుమారే.

ఇక నీడ. నాందేడు సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ 21న మధ్యాహ్న సూర్యుడు నడినెత్తి దాటి నాలుగు డిగ్రీలు ఉత్తరానికి ఒరుగుతాడు. డిసెంబరులో దక్షిణాన 47 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. కనుక 4 అడుగుల దక్షిణపు కిటికీకి పై అంచున ఒకటిన్నర అడుగుల సజ్జా ఉంటే, మార్చి 21 మధ్యాహ్నం అది కిటికీనంతా కప్పుతుంది. డిసెంబరులో సగానికి పైగా వదలి లేత ఎండను లోనికి పంపుతుంది. పడమటి కిటికీకి ఈ సజ్జా కొరగాదు. సాయంత్రం సూర్యుడు 30 డిగ్రీలకు దిగి ఎదురుగా నిలిచినప్పుడు దాదాపు 7 అడుగుల సజ్జా కావాలి. అంటే వసారాయే కావాలి, లేదా చెట్టు. పాతకాలపు మేస్త్రీలు త్రికోణమితి చదువకున్నా వసారా వేయడం మరువలేదు.

ఎనర్జీప్లస్‌లో సజ్జాను గోడలో భాగంగా గాక, నీడనిచ్చే విడి పలకగా గీయాలి. చెట్టునూ అట్లే గీసి, ఆకుల సందున ఏ నెలలో ఎంత వెలుతురు జారుతుందో చెప్పవచ్చు. పాఠశాలలో కొత్త గదుల కోసం పడమటి చెట్టు కొట్టాలన్న మాట వచ్చినప్పుడు ఆ లెక్కను రెండుసార్లు చేయించాలి: చెట్టుతో ఒకసారి, చెట్టు లేకుండా ఒకసారి. అంతకుముందు మే నెలలో ఒక మధ్యాహ్నం పాత గది నేల మీద ఉష్ణమాపకం ఉంచి, యంత్రం చెప్పిన అంకెతో పోల్చి చూడాలి.