దిగులును ఏ నుడిలో అడగాలి?

(హోసూరు ప్రాంత తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో సాధారణంగా బడుల గురించి, పాఠ్యపుస్తకాల గురించి, తెలుగు ఉపాధ్యాయుల నియామకాల గురించి మాట్లాడుకుంటాం. నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిలోనే గడిపినవాణ్ణి కనుక నానుంచి కూడా అవే మాటలు ఆశించి ఉంటారు. అయితే ఈరోజు బడి గుమ్మం దాటించి మిమ్మల్ని ఆసుపత్రి గుమ్మం దాకా తీసుకువెళ్ళదలచాను. పిల్లవాడి చదువుకు అమ్మనుడి ఎంత అవసరమో, మనసు జబ్బుపడిన మనిషికి అంతకంటె ఎక్కువ అవసరమని మనవి చేయడమే నా ఉద్దేశం.

ముందుగా మా ఇంటి సంగతి చెబుతాను. మా మేనత్త ఈ తాలూకా పల్లెలోనే పుట్టి, ఈ పల్లెలోనే మెట్టింది. అరవం కూరగాయల అంగడి వరకే వచ్చు. మామ పోయిన ఏడాదికి ఆమె మల్బరీ తోటలోకి వెళ్ళడం మానేసింది. పట్టుపురుగులకు ఆకు వేయడం కోడలి పనయింది. తిండి తగ్గింది. 'ఒళ్ళు బరువుగా ఉన్నది, గుండెల మీద బండ పెట్టినట్లున్నది' అనేది. ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. డాక్టరుగారికి తెలుగు రాదు. అరవం బాగా వచ్చినవాణ్ణి నేనే కాబట్టి దుబాసి పని నాకు పడింది. గుండెల మీద బండను నేను ఛాతీనొప్పిగా మార్చి చెప్పాను. ఒంటి బరువును ఒళ్ళునొప్పులుగా మార్చాను. ఈసీజీ తీశారు, బాగున్నదన్నారు. నొప్పి మాత్రలు రాసిచ్చారు. ఈ విధంగా రెండేళ్ళు గడిచాయి.

చివరకు ఊళ్ళో జరిగిన వైద్యశిబిరంలో తెలుగింటి నర్సమ్మ ఒకామె, చేతికి రక్తపోటు పట్టీ చుడుతూ, 'అవ్వా, రాత్రిపూట నిద్ర పడుతుందా? తెల్లారి లేస్తూనే మనసుకు ఎట్లనిపిస్తుంది?' అని అడిగింది. మా అత్త కాసేపు ఊరుకొని, 'లేవకుంటేనే బాగుణ్ణు అనిపిస్తుందమ్మా' అన్నది. నేను పక్కనే ఉన్నాను. ఇంటికి వచ్చాక, నాకెందుకు చెప్పలేదని అడిగితే, 'నువ్వు ఒంటి సంగతే అడిగితివి, మనసు సంగతి ఎప్పుడడిగితివిరా' అన్నది. ఆమె రెండేళ్ళ బాధకు డాక్టరుకు భాష రాకపోవడం ఒక కారణం. రెండు భాషలూ వచ్చిన నేను రెండవ కారణం. ఈ మాట ఒప్పుకున్న తరువాతనే ఈ విషయం గురించి మాట్లాడే అర్హత నాకు వస్తుందని అనుకుంటున్నాను.

మా అత్తకు వచ్చినది డిప్రెషన్. పత్రికలు కుంగుబాటు అంటున్నాయి. ఆ తరువాత ఈ జబ్బు గురించి దొరికినంత చదివాను. మొదట తెలిసిన సంగతి ఏమంటే, దీన్ని తేల్చి చెప్పే రక్తపరీక్ష లేదు, ఎక్స్‌రే లేదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా ఇటువంటి నీరసాన్నే తెస్తాయి కనుక రక్తపరీక్షలు చేయించవలసిందే. కానీ అవి ఆ జబ్బులు ఉన్నాయో లేవో చెప్పగలవు, అంతే. కుంగుబాటును మాత్రం అడిగి తెలుసుకోవలసిందే, విని గుర్తించవలసిందే.

ఈ అడగడానికి ఒక పద్ధతి ఉండాలని వైద్యులు చాలా కాలంగా కృషి చేశారు. 1960లో మాక్స్ హామిల్టన్ వైద్యుడు నింపే కొలమానాన్ని రూపొందించాడు. 1961లో ఆరన్ బెక్, ఆయన సహచరులు 21 అంశాల ప్రశ్నావళిని ప్రచురించారు. 2001లో క్రోంకె, స్పిట్జర్, విలియమ్స్ అనే ముగ్గురు ప్రచురించిన పి.హెచ్.క్యు.-9 నేడు లోకమంతటా వాడుకలో ఉన్నది. ఇందులో ప్రశ్నలు తొమ్మిదే. గడచిన రెండు వారాలలో పనులమీద ఆసక్తి పోయిందా, మనసు దిగులుగా ఉన్నదా, నిద్ర, అలసట, ఆకలి, తన్ను తాను తక్కువగా భావించుకోవడం, ఏకాగ్రత, నడకలో మాటలో మందకొడితనం లేదా నిలకడలేనితనం, చావు గురించిన ఆలోచనలు. ఒక్కొక్క జవాబుకు 0 నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 27. సాధారణంగా 10 గాని, అంతకంటె ఎక్కువ గాని వస్తే వైద్యుడు మరింత శ్రద్ధగా విచారించాలి. ఈ మార్కులే రోగనిర్ధారణ కావు. పరీక్షలో మార్కులు తగ్గిన పిల్లవాణ్ణి పిలిచి సంగతేమిటని అడిగినట్లు, ఇవి కూడా మాట కలపడానికి ఒక ఆధారం.

ఇక్కడే భాష ప్రశ్న వస్తుంది. తూకపురాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఒకే బరువు తూగుతాయి. మాటలు అట్లా కావు. 1977లో అమెరికాలో వెలువడిన ఒక ప్రశ్నావళిలో దిగులుకు 'బ్లూస్' అనే మాట వాడారు. ఇంగ్లీషు వారికి నీలిరంగుకూ దిగులుకూ చుట్టరికమున్నది. మనకు నీలం మేఘానికీ కృష్ణుడికీ చెందినది. మాటకు మాట పెట్టి అనువదిస్తే ఆ ప్రశ్న ఎందుకూ కొరగాదు. అందుచేత పరిశోధకులు ఒక క్రమం పాటిస్తారు. ఒకరు మూలాన్ని మన భాషలోకి తెస్తారు. మూలాన్ని చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. రెండింటినీ పోల్చి తేడాలు సవరిస్తారు. ఆపైన ఆ ప్రాంతపు మామూలు మనుషులకు చదివి వినిపించి, ఏమర్థమయిందో అడుగుతారు. ఈ చివరి మెట్టు చాలా ముఖ్యం.

భాష మారితే రోగి కనిపించే తీరే మారుతుందని తెలిపే పరిశీలనలు పాతవే. అమెరికాలో స్పానిష్ మాతృభాషగా గల రోగులను రెండు భాషలలోనూ ప్రశ్నించి చూశారు. 1973లో మార్కోస్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, ఇంగ్లీషులో మాట్లాడించినప్పుడు రోగుల జబ్బు ఎక్కువ తీవ్రంగా కనిపించింది. తడబాటును, మౌనాన్ని వైద్యులు రోగలక్షణాలుగా లెక్కించారు. అంతకు ముందు 1970లో డెల్ కాస్టిలో ఇందుకు విరుద్ధమైన అనుభవాన్ని రాశాడు. పరాయి భాషలో కుదురుగా కనిపించిన రోగులే, సొంత భాషలో మాట్లాడగానే లోపలి జబ్బును బయటపెట్టారు. ఒకచోట ఎక్కువ చూపింది, మరొకచోట తక్కువ చూపింది. ఏ విధంగా చూసినా పరాయి భాష సరైన త్రాసు కాలేదు. మా అత్త విషయంలో జరిగినది ఈ రెండవ రకానికి దగ్గర.

మన నుడిలో మనసు బాధకు ఎన్ని మాటలున్నాయో గమనించండి. బెంగ వేరు, దిగులు వేరు. బిడ్డ పరాయి ఊరు పోతే తల్లి పెట్టుకునేది బెంగ. దానికొక మనిషో ఊరో ఉంటుంది. కారణం తెలియకుండా పొద్దుగూకేవేళ కమ్ముకొచ్చేది దిగులు. గుబులులో భయం ఉంటుంది. విసుగులో కోపం ఉంటుంది. నిస్సత్తువ ఒంటిది. ప్రాణం ఉసూరుమనడం ఒంటికీ మనసుకూ మధ్యది. వీటిలో రోగి ఏ మాటను ఎంచుకున్నాడన్నదే వైద్యుడికి సగం సమాచారం. దుబాసి వీటన్నింటినీ 'బాగోలేదంట' అనే ఒక్క మాటలోకి కుదించేస్తాడు.

ప్రజల మాటనే పట్టుకుని మేలు చేయవచ్చునని ఆఫ్రికాలోని జింబాబ్వే చూపింది. అక్కడి షోనా భాషలో 'కుఫుంగిసిసా' అంటే అతిగా ఆలోచించడం. తెగని ఆలోచనలని మనమంటామే, ఆ బాధ. డాక్టర్ డిక్సన్ చిబాండా హరారే నగరంలో ఆ మాటనే ఆధారం చేసుకున్నాడు. మనోవైద్యులు చాలినంతమంది లేరు కనుక, ఆరోగ్య కార్యకర్తలుగా ఉన్న పెద్దవయసు ఆడవారికి శిక్షణ ఇచ్చాడు. వారు ఆసుపత్రి ఆవరణలో బల్లమీద కూర్చుని, వచ్చినవారి కష్టాన్ని షోనాలో విని, ఏ చిక్కును ముందు విప్పుకోవాలో వారితోనే ఆలోచింపజేస్తారు. 24 ఆసుపత్రులలో 573 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. షోనాలోనే తయారైన 14 ప్రశ్నల కొలమానంపై, ఆరు నెలల తరువాత, మామూలు వైద్యం పొందినవారి సగటు 8.90 ఉండగా అవ్వల బల్లమీద కూర్చున్నవారి సగటు 3.81కి దిగింది.

మన దేశంలో గోవాలోనూ ఇటువంటి కృషి జరిగింది. డాక్టర్ విక్రమ్ పటేల్, ఆయన సహచరులు పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, కుంగుబాటు తీవ్రంగా ఉన్న 495 మందితో పరీక్ష జరిపారు. మనోవైద్యంలో ముందెన్నడూ శిక్షణ లేని స్థానికులే సలహాదారులు. ఆరు నుంచి ఎనిమిది సార్లు కలిసి, మానేసిన పనులను కొద్దికొద్దిగా మళ్ళీ మొదలుపెట్టించడం వారి చికిత్స. మూడు నెలలకు, సలహా పొందినవారిలో నూటికి 64 మంది, పొందనివారిలో 39 మంది కోలుకున్నారు. మా అత్తకు మాత్రలతోపాటు ఆ నర్సమ్మ చెప్పినది కూడా ఇదే. 'రోజుకు ఒక్క బుట్ట ఆకు కోయి అవ్వా, చాలు' అన్నది. కొన్ని నెలలకు మా అత్త మునుపటిలా తోటలో తిరిగింది.

మాటే మందు అయినప్పుడు ఆ మాట ఎవరి భాషలో ఉండాలి? 2006లో గ్రైనర్, స్మిత్ అనే పరిశోధకులు, ఆయా జనసమూహాల సంస్కృతికి తగినట్లు మార్చిన చికిత్సలపై 76 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. ఇంగ్లీషు మాతృభాష కానివారికి వారి సొంత భాషలో జరిగిన చికిత్స, ఇంగ్లీషులో జరిగిన చికిత్సకంటె రెట్టింపు ఫలితమిచ్చిందని తేలింది. భాషోద్యమకారులు ఆవేశంలో అన్న మాట కాదిది, లెక్క తేల్చిన మాట.

ఇక మన జిల్లాల సంగతి. జిల్లా స్థాయిలో మానసిక ఆరోగ్య సేవలు ఎట్లా అందించాలో బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ 1980లలో పరీక్షించి చూసినది బళ్ళారి జిల్లాలో. ఆ ఒరవడిలోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో నాలుగు జిల్లాలలో మొదలయింది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేకు ముందస్తు పరీక్ష జరిగినది కోలారు జిల్లాలో. రెండూ మన తెలుగువారు తరతరాలుగా ఉన్న నేలలే. దేశంలో ప్రతి ఇరవైమంది పెద్దవారిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు గురయ్యారని ఆ సర్వే అంచనా వేసింది. బాధపడుతున్నవారిలో నూటికి సుమారు 85 మందికి చికిత్స అందడంలేదని కూడా తేల్చింది. బళ్ళారిలో కన్నడం, బరంపురంలో ఒడియా, సిరొంచలో మరాఠీ, ఇక్కడ తమిళం. చికిత్స అందనివారిలో అడిగే భాష తెలియక మిగిలిపోయినవారు ఎందరో మనం ఊహించుకోవచ్చు. యానాంలో ఇంటి మాటే ఊరి మాట కాబట్టి వారికి ఈ ఇబ్బంది తక్కువ.

చట్టం మన పక్షాన ఉన్నది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉన్నది. తన జబ్బు ఏమిటో, ఇవ్వబోయే చికిత్స ఏమిటో, దాని దుష్ఫలితాలు ఏమిటో రోగి తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకోవడం హక్కు అని ఆ చట్టపు 22వ సెక్షన్ చెబుతున్నది. ఆసుపత్రిలో ఈ మాట వినయంగా, అయినా గట్టిగా అడగండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగుతో సహా 20 భాషలున్నాయి, మీ భాషను మీరే ఎంచుకోవచ్చు.

చివరగా మన లోపాలు కూడా చెప్పుకుందాం. కోడలి కష్టానికి అత్తను, తండ్రి కష్టానికి బడిపిల్లవాణ్ణి దుబాసిగా నిలబెట్టవద్దు. ఎవరి వలన బాధ కలిగిందో వారి నోటనే ఆ బాధ చెప్పించడం న్యాయం కాదు. సాధ్యమైనంతవరకు ఇంటివారు కాని, రెండు భాషలూ తెలిసిన ఆరోగ్య కార్యకర్తను కోరండి. దుబాసి పని తప్పనిసరిగా మీకే పడితే, అర్థం చెప్పబోకుండా ఆ మనిషి అన్న మాటను అన్నట్లుగానే ముందు చెప్పండి. గుండెల మీద బండ అంటే బండ అనే చెప్పండి.

మరొక లోపం పుస్తకాల తెలుగు. 'వ్యాకులత', 'నిరాసక్తత' వంటి మాటలతో ప్రశ్నపత్రం అచ్చువేసి తెలుగులో అడిగామంటే సరిపోదు. మా అత్తకు ఆ తెలుగు కూడా అరవమంత దూరమే. హోసూరు తెలుగు, కోలారు తెలుగు, బరంపురం తెలుగు మాట్లాడే అవ్వలకు చదివి వినిపించి, వారు తలూపిన తరువాతనే ఆ పత్రం ఆసుపత్రికి చేరాలి. ఈ పనిలో వైద్యులకు తోడ్పడగలవారు మనమే.

చావు ఆలోచనల గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలామంది భయపడతారు. పరిశోధనలు ఆ భయానికి ఆధారం లేదంటున్నాయి. ప్రేమగా, సూటిగా అడిగితే మనిషికి ఊరట కలుగుతుంది. అవునన్న జవాబు వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలక, ఆరోజే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళండి.

ఈ సభనుంచి ఇంటికి వెళ్ళాక, కొంతకాలంగా మాట తగ్గించుకున్న మనిషి మీ ఇంట్లో ఎవరైనా ఉంటే పక్కన కూర్చోండి. మందులు వేసుకున్నావా అని అడిగే ముందు, మనసు ఎట్లున్నదని మన మాటల్లో అడగండి. జవాబు ఆలస్యంగా రావచ్చు. వచ్చేదాకా కూర్చోండి. నేను రెండేళ్ళపాటు చేయని పని అది.