పెద్దవాళ్ళ నిద్ర - మన జాగ్రత్త



"రాత్రంతా కంటిమీద కునుకు లేదమ్మా" అని అత్తగారో, అమ్మో అంటే మనం ఏం చేస్తాం? ఎవరో వాడగా మిగిలిన నిద్రమాత్ర ఒకటి ఇచ్చేస్తాం. ఆవిడ పడుకుంటే మనకీ హాయే! కాని అర్ధరాత్రి బాత్‌రూముకని లేచినప్పుడు ఆ మత్తుకే కాళ్ళు తడబడతాయి. డయాజిపామ్ వంటి మాత్రల మత్తు పెద్దవయసులో ఒంట్లోంచి త్వరగా పోదు, మర్నాడు కూడా ఉంటుంది. అందుకే 65 ఏళ్ళు దాటినవారికి ఇటువంటివి వద్దని అమెరికా వృద్ధవైద్యుల సంఘం 2023లో సవరించిన జాబితాలోనూ హెచ్చరించింది. పడి తుంటి ఎముక విరిగితే ఆ మనిషి మంచాన పడినట్లే కదా!

అలాగని ఏళ్ళ తరబడి వేసుకుంటున్న మాత్రను ఒక్కసారిగా మాన్పించకండి. డాక్టరుగారిని అడిగి మెల్లగా తగ్గించాలి. ఒంట్లో నీరు తీసే మాత్ర సాయంత్రం వేసుకుంటూంటే, పొద్దుటికి మార్చవచ్చునా అని కూడా అడగండి.

మన చేతిలో ఉన్నవీ కొన్ని ఉన్నాయి. పగటి కునుకు అరగంట చాలు. సాయంత్రం కాఫీ వద్దు. పొద్దున్నే లేత ఎండలో కాసేపు నడిపించండి. రాత్రి మంచం నుంచి బాత్‌రూము దాకా చిన్న లైటు వెలగనివ్వండి. దారిలో తడి, చెప్పులు, జారే పట్టాలు లేకుండా చూడండి. గభాలున లేస్తే రక్తపోటు తగ్గి కళ్ళు తిరుగుతాయి. కాసేపు మంచం మీదే కూర్చుని, ఆ తరువాత లేవమనండి.

అన్నిటికన్నా ముఖ్యం, "రాత్రి లేస్తే నన్ను పిలవండి అత్తయ్యా" అని చెప్పండి. కోడలి నిద్ర పాడవుతుందని ఆవిడ పిలవరు. ఆ మొహమాటం మనమే పోగొట్టాలి.