అచ్చు హల్లు తెలిసిన చాలును



మా సాలూరులో సాయంకాలమున నా యరుగుమీదికి వచ్చు పెద్దలు తమ యర్జీల చిత్తులను, మనుమల వ్రాతపుస్తకములను దెచ్చి, “పంతులుగారూ, ఈ యింగ్లీషు సరిగా నున్నదా?” యని యడుగుచుందురు. వారు తఱచుగా నడుగు సందేహ మొకటి గలదు. ఇంగ్లీషులో ‘ఒక’ యను నర్థమున నొకచోట ‘ఎ’ యనియు, మఱియొకచోట ‘ఆన్’ అనియు వ్రాయుట యెందులకు?

ఇంగ్లీషు అక్షరములలో అచ్చు లైదనియు, వానిముందు ‘ఆన్’, తక్కినవానిముందు ‘ఎ’ వ్రాయవలెననియు బడిలో చెప్పుదురు. ఉద్యోగము తొలినాళ్లలో నేనును దీనినే నమ్మితిని. కొండమీది పల్లెనుండి వచ్చిన యొక బాలుడు ‘గంట’ యను నర్థమున ‘ఆన్ అవర్’ అని వ్రాసెను. ఆ మాట ‘హెచ్’ అను హల్లుతో మొదలగును గావున నేను ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిని. “మాస్టారండీ, ఆ హెచ్ పలకదు గదా” యని వాడనెను. గద్దించి కూర్చుండబెట్టితిని. ఇంటికి వచ్చి నిఘంటువు చూడగా వాడు వ్రాసినదే ఒప్పు. మఱునాడు తరగతిలో తప్పు నాదని చెప్పితిని గాని, వాడు మరల నన్ను ప్రశ్న యడుగలేదు.

చూడవలసినది అక్షరము కాదు, ధ్వని. ‘అవర్’లో హెచ్ పలుకదు, వినబడునది అచ్చు. కావున ‘ఆన్ అవర్’. ‘యూనివర్సిటీ’ వ్రాతలో అచ్చుతో మొదలైనను వినబడునది యకారము. కావున ‘ఎ యూనివర్సిటీ’. అర్జీలో ‘ఒక మెంబరు’ అనుటకు ‘ఎ మెంబర్’ అని వ్రాయవలెను. ఎమ్మెల్యే యని పొడి యక్షరములలో వ్రాసినచో ‘ఆన్ ఎమ్మెల్యే’ యనవలెను. ఏలన, ‘ఎమ్’ హల్లే యైనను దాని పేరు ఎకారముతో మొదలగును.

ఇది మనకు క్రొత్త కాదు. సంస్కృతమున లేదను నర్థమిచ్చు ‘అ’ హల్లుముందు అట్లే నిలిచి ‘అధర్మము’ అగును. అచ్చుముందు నకారము చేరి ‘అనర్థము’, ‘అనాది’ యగును. అర్థము వేఱైనను ఉచ్చారణ సౌకర్య మొక్కటే. ఇంగ్లీషున ‘ఆన్’ అనునదే ప్రాచీనరూపము. అది ‘ఒకటి’ యను సంఖ్యనుండి పుట్టినది. హల్లుముందు నకారము జాఱిపోగా ‘ఎ’ మిగిలినది.

పర్లాకిమిడిలో నుపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాషను సవరల నోటనే విని నేర్చిరి. పిదప 1931లో ఆ భాషకు ఇంగ్లీషున వ్యాకరణగ్రంథమును వెలువరించిరి. వారికి మొదట వినుట, తరువాత వ్రాయుట.

పెద్దలారా, మీ మనుమడు ఇంగ్లీషు వాక్యము తెచ్చినప్పుడు బిగ్గరగా చదువు మనుడు. మీకు ఇంగ్లీషు రాకున్నను అచ్చేదో హల్లేదో వినగనే తెలియును. వాడు మీకెదురు చెప్పినచో గద్దింపకుడు. మరియొకమారు చదివించి వినుడు.

సెలవు.