తెరిచి ఉన్న తలుపు: డేకేర్‌లో పసిబిడ్డల రక్షణ
(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మారకోపన్యాసం)



దుర్గాబాయి గారు 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నిలబెట్టారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ మండలి మరుసటి ఏడాది పల్లెల్లో మొదలుపెట్టిన పనుల్లో బాల్వాడీలు ముఖ్యమైనవి. ఆడవాళ్లు తమ కాళ్ల మీద తాము నిలబడాలంటే బిడ్డను నమ్మి అప్పగించే చోటు ఉండి తీరాలి. ఈ అవసరాన్ని గుర్తించే 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి, యాభై మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో క్రెచ్ ఉండాలన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే హక్కు ఇచ్చారు. దుర్గాబాయి గారి జ్ఞాపకార్థం ఈరోజు నేను ఎంచుకున్న విషయం ఆ నమ్మకానికి సంబంధించినదే. అప్పగించిన చోట బిడ్డకు హాని జరగకుండా ఏం చేయాలి? జరిగితే ఎలా గుర్తుపట్టాలి? గుర్తుపట్టాక ఏం చేయాలి?

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మనుషుల మంచితనం మీద ఆధారపడి పిల్లల్ని కాపాడలేం. ఏ పెద్ద మనిషీ ఏ బిడ్డతోనూ మరొకరి కంటికి కనబడకుండా ఉండే వీలు లేని ఏర్పాటు కావాలి. తప్పు కనబడితే ఆయా కూడా భయం లేకుండా నోరు విప్పగలగాలి.

హాని వచ్చే రెండు దారులు

ఒక దారి మోయలేని బరువు. ఒక ఆయా చేతిలో పన్నెండు మంది పిల్లలున్నారనుకోండి. ఒకరికి పాలు పట్టాలి, ఒకరికి డైపర్ మార్చాలి, ఇంకొకరు గుక్కపట్టి ఏడుస్తున్నారు. ఆమె జీతం ఇంటి అద్దెకే చాలదు. మధ్యాహ్నం భోంచేయడానికి కూడా మనిషి సాయం ఉండదు. అక్కడ చెయ్యి లేస్తుంది. నోట్లో ముద్ద కుక్కడం, బాత్రూమ్‌లో పెట్టి గడియ వేయడం, నిద్రపుచ్చడానికి దగ్గుమందు పట్టడం, పసికందును భుజాలు పట్టుకుని కుదపడం మొదలవుతాయి. ఈ చివరిది ప్రాణాంతకం. పైకి ఒక్క గాయమూ కనబడకుండానే మెదడులో రక్తస్రావం కావచ్చు.

రెండో దారి దురుద్దేశం. పిల్లల్ని లైంగికంగా వేధించే మనిషి విసుగు పుట్టి ఆ పని చేయడు. పిల్లలు ఒంటరిగా దొరికే చోటు వెతుక్కుని వస్తాడు, అందరి దగ్గరా మంచి పేరు తెచ్చుకుంటాడు. 2009లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో ఒక నర్సరీ ఉద్యోగిని పిల్లల్ని వేధిస్తూ ఫోన్‌తో ఫోటోలు తీసిన సంగతి బయటపడింది. తోటి సిబ్బందిలో కొందరికి ఆమె తీరు ఇబ్బందిగా అనిపించినా చెప్పలేకపోయారని తర్వాతి సమీక్షలో తేలింది. చెప్పడానికి అనువైన వాతావరణం అక్కడ లేదు. ఈ పని చేసేది మగవాళ్లే అన్న మన నమ్మకం కూడా తప్పని ఆ ఘటన చూపించింది.

ఈ రెండు దారులకూ మందు ఒకటి కాదు. మొదటిదానికి సరిపడా సిబ్బంది, జీతం, విశ్రాంతి కావాలి. ఇంగ్లండ్‌లో రెండేళ్లలోపు పిల్లలు ముగ్గురికి ఒక మనిషి ఉండాలని నిబంధన. రెండోదానికి ఏకాంతం దొరకని గదులు కావాలి.

"మా దగ్గర సీసీ కెమెరాలు ఉన్నాయండీ" అన్న మాటతో చాలామంది తల్లిదండ్రులు తృప్తి పడతారు. 2016 నవంబరులో నవీ ముంబయిలోని ఖార్‌ఘర్‌లో పది నెలల పాపను ఆయా కొట్టి, తన్ని, విసిరేసిన దృశ్యాలు దేశమంతా చూసింది. అవి డేకేర్ సొంత కెమెరాలోనివే. పాప ఒంటి మీద దెబ్బలు తల్లిదండ్రుల కంట పడ్డాకే ఆ రికార్డు బయటికొచ్చింది. కొడుతున్నంతసేపూ కెమెరా నడుస్తూనే ఉంది, చూసే మనిషే లేరు. కెమెరా సాక్ష్యం ఇవ్వగలదు. అడ్డుపడాల్సింది మాత్రం మనిషే.

ఒళ్లు చెప్పే సంగతులు

మాటలు రాని బిడ్డ తరఫున ఒళ్లే మాట్లాడుతుంది. 1999లో అమెరికా వైద్యులు మూడేళ్లలోపు పిల్లలు 973 మందిని పరిశీలించారు. నడక వచ్చినవాళ్లలో సగానికి పైగా పిల్లలకు ఎక్కడో ఒకచోట కమిలిన మచ్చలున్నాయి. ఆరు నెలలు నిండని 366 మందిలో ఇద్దరికే ఉన్నాయి. పాకడం కూడా రాని బిడ్డ ఒంటి మీద కమిలిన మచ్చ కనబడితే తేలిగ్గా తీసుకోకూడదు.

నడిచే పిల్లలు పడితే దెబ్బ మోకాలికో, మోచేతికో, నుదుటికో తగులుతుంది. చెవి, మెడ, పొట్ట, వీపు మామూలుగా కమలవు. నాలుగేళ్లలోపు పిల్లలకు ఆ చోట్ల మచ్చలుంటే, నాలుగు నెలలు నిండని బిడ్డకు ఒంటి మీద ఎక్కడున్నా, పిల్లల డాక్టరుకు చూపించాలి. చెంప మీద వరసగా గీతల్లా ఉంటే అవి వేళ్ల గుర్తులు కావచ్చు. వేడినీళ్లు చిమ్మితే చుక్కలు చుక్కలుగా కాలుతుంది. గీత గీసినట్టు మేజోడులా కాలితే కాలిని నీళ్లలో పట్టి ముంచారేమో అని అనుమానించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే నడుము కింద, పిర్రల మీద నీలం రంగు మచ్చలుంటాయి. వాటిని మంగోలియన్ మచ్చలంటారు. అవి దెబ్బలు కావు, వయసుతో పోతాయి. డేకేర్‌లో చేర్చిన రోజే వాటిని రిజిస్టరులో రాయించి సంతకం తీసుకుంటే తర్వాత గొడవ ఉండదు.

ఇక ప్రవర్తన. చేర్చిన కొత్తలో గేటు దగ్గర ఏడవని పిల్లలు అరుదు. అది హాని గుర్తు కాదు. అలవాటు పడి హాయిగా వెళ్తున్న బిడ్డ ఉన్నట్టుండి మారితే ఆలోచించాలి. ఒక్క మనిషిని చూస్తేనే బెదరడం, డైపర్ విప్పబోతే కాళ్లు ముడుచుకోవడం, మానేసిన పక్కతడుపు మళ్లీ మొదలవడం, ఇంటికొచ్చాక గంటల తరబడి మత్తుగా పడుకోవడం, వయసుకు తెలియకూడని చేష్టలు బొమ్మలతో చేయడం గమనించాలి. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. ఏ ఒక్కటీ కొట్టిపారేయదగిందీ కాదు.

2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక స్కూల్లో నాలుగేళ్ల పాప మీద జరిగిన అఘాయిత్యం, తల్లిదండ్రులు బిడ్డ తీరులో మార్పు గమనించాకే బయటపడింది. చేసినవాడు టీచరు కాదు, ప్రిన్సిపాల్ కారు డ్రైవరు. 2023 ఏప్రిల్‌లో కోర్టు అతనికి 20 ఏళ్ల శిక్ష వేసింది.

ముందే ఆపే ఏర్పాట్లు

బంజారాహిల్స్‌లో నేరం చేసినవాడు డ్రైవరు కాబట్టే, పోలీస్ వెరిఫికేషన్ టీచర్లతో ఆగకూడదు. 2020 నాటి పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నిరోధక చట్టం) నిబంధనల్లో క్రెచ్‌ల పేరు స్పష్టంగా ఉంది. పిల్లలతో మెలిగే సిబ్బంది ప్రతి ఒక్కరికీ, కాంట్రాక్టు మనుషులైనా సరే, పోలీస్ వెరిఫికేషన్ ఎప్పటికప్పుడు చేయించాలి. డ్రైవర్, వాచ్‌మన్, వంటమనిషి అందరూ ఇందులోకి వస్తారు. పాత యజమానికి ఫోన్ చేసి "ఎందుకు మానేశారు?" అని అడగడానికి ఖర్చేమీ లేదు.

మీరు డేకేర్ చూడటానికి వెళ్లినప్పుడు గోడల మీది బొమ్మల కన్నా ముందు తలుపులు చూడండి. పడుకునే గది తలుపుకు అద్దం ఉందా? డైపర్ మార్చే చోటు ఇంకొకరికి కనబడుతుందా? గదుల్లో లోపలి గడియలున్నాయా? ఫోన్లు ఎక్కడ పెడతారు? ఒక ఆయా సెలవు పెడితే ఎవరొస్తారు? చెప్పకుండా వస్తే రానిస్తారా? రానివ్వం అనే చోట బిడ్డను చేర్చకండి. సాయంత్రం తీసుకెళ్లేటప్పుడు గేటు దగ్గరే బిడ్డను అందుకుని పరుగెత్తకుండా ఒక్క నిమిషం లోపలికి వెళ్లండి. దెబ్బలు రాసే రిజిస్టరు చూడండి. ఆయాను పేరు పెట్టి పిలిచి "ఈరోజు ఎలా ఉన్నాడమ్మా?" అని అడగండి. తనను మనిషిగా చూసిన తల్లికే ఆమె రేపు ఏదైనా చెప్పగలుగుతుంది.

తెలిసిన తర్వాత

బిడ్డ ఏదైనా చెబితే శాంతంగా వినాలి. "ఏం జరిగింది నాన్నా?" అని అడిగి ఆగిపోవాలి. "ఫలానా అంకుల్ ఇక్కడ ముట్టుకున్నాడా?" అని జవాబు అందించకూడదు. కాలిఫోర్నియాలో మెక్‌మార్టిన్ ప్రీస్కూలు మీద 1983లో ఆరోపణలు వచ్చాయి. పెద్దలు పదేపదే సూచనలందిస్తూ వందలాది పిల్లల్ని ప్రశ్నించారు. ఏళ్ల తరబడి విచారణ సాగి, 1990లో ఒక్కరికీ శిక్ష పడకుండానే ముగిసింది. ఏది నిజమో తేల్చుకునే అవకాశమే పోయింది. పిల్లలు అబద్ధాలాడతారన్నది దాని పాఠం కాదు. పెద్దలు సరిగా అడగకపోతే నిజం చెప్పే బిడ్డకూ న్యాయం దొరకదు.

బిడ్డ అన్న మాటను బిడ్డ మాటల్లోనే, తేదీ, సమయంతో రాసిపెట్టాలి. లైంగిక హాని అనుమానముంటే స్నానం చేయించకూడదు, బట్టలు ఉతకకూడదు. వాటిని కాగితపు సంచిలో పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎఫ్‌ఐఆర్ తెస్తేనే చూస్తామనే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. చైల్డ్‌లైన్ నంబరు 1098కో, ఎమర్జెన్సీ నంబరు 112కో ఫోన్ చేయాలి. హైదరాబాద్‌లో 2016 నుంచి భరోసా కేంద్రం ఉంది. అక్కడ పోలీసు, వైద్యం, న్యాయ సహాయం, కౌన్సెలింగ్ ఒకే కప్పు కింద దొరుకుతాయి. పోక్సో చట్టం ప్రకారం బిడ్డ వాంగ్మూలాన్ని ఇంట్లో గానీ, బిడ్డ కోరిన చోట గానీ, యూనిఫాం లేని పోలీసు అధికారి తీసుకోవాలి. వీలైనంతవరకు ఆ అధికారి మహిళే కావాలి. బిడ్డ పేరు, స్కూలు పేరు బయటపెట్టడం నేరం. కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో ఫోటోలు తిప్పేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

డేకేర్ నడిపేవారికి ఒక మాట. ముందు మేమే విచారిస్తాం అనకండి. ఆరోపణ వచ్చిన మనిషిని పిల్లలకు దూరంగా ఉంచండి, కెమెరా రికార్డు భద్రపరచండి, పోలీసులకు చెప్పండి. లైంగిక నేరం తెలిసీ చెప్పని వ్యక్తికి ఆరు నెలల దాకా, తన కింది మనిషి చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు శిక్ష ఉంది. బిడ్డను హింసించినా, నిర్లక్ష్యం చేసినా 2015 బాలల న్యాయ చట్టం కింద సంరక్షణ సంస్థ వాళ్లకు ఐదేళ్ల దాకా కఠిన శిక్ష, ఐదు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. 2024 ఆగస్టులో మహారాష్ట్రలోని బద్లాపూర్‌లో, స్కూల్లో లైంగిక వేధింపులకు గురైన ఇద్దరు చిన్నారుల విషయంలో ఎఫ్‌ఐఆర్ కోసం తల్లిదండ్రులు గంటల తరబడి పోలీస్ స్టేషన్‌లో పడిగాపులు కాశారు. చివరికి జనం రైలు పట్టాల మీద కూర్చున్నారు. దాచినందువల్ల ఏ సంస్థ పరువూ నిలబడలేదు.

ఈ వార్తలు విన్న తర్వాత చాలా ఇళ్లలో "అందుకే ఉద్యోగం మానేయమన్నాను" అనే మాట కోడలి మీద పడుతుంది. అది అన్యాయం. పిల్లల మీద హింస ఇళ్లలోనూ జరుగుతోంది. తల్లిని ఇంట్లో కూర్చోబెడితే బిడ్డకు రక్షణ వచ్చేయదు. మంచి డేకేర్ తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ హక్కు.

కాబట్టి మీకు నా విన్నపం ఇది. తల్లిదండ్రులు ఈ వారంలో ఒకరోజు చెప్పకుండా మీ బిడ్డ డేకేర్‌కు వెళ్లండి. యజమానులు సిబ్బంది వెరిఫికేషన్ కాగితాలు తీసి ఎవరివి లేవో చూడండి, ఆయాల జీతం పెంచండి. ప్రభుత్వాలు అపార్ట్‌మెంట్లలో నడిచే చిన్న డేకేర్లను కూడా రిజిస్ట్రేషన్, తనిఖీల పరిధిలోకి తీసుకురావాలి. ఆయాలుగా పనిచేసే చెల్లెళ్లు, అక్కలు తప్పు కనబడితే చెప్పండి. పూర్తి రుజువు చూపాల్సిన భారం మీ మీద లేదు. మంచి మనసుతో ఫిర్యాదు చేసినవారికి చట్టం రక్షణ ఇస్తుంది. 1098 నంబరు అందరూ ఇప్పుడే మీ ఫోన్లలో వేసుకోండి.