గుడారంలో నేత, బజారులో పేరు



పారశీక రత్నకంబళి అనగానే మనకు స్ఫురించేది రాజాస్థానాల కొరకు నగరాల కార్ఖానాలలో తయారైన పట్టు తివాచీ. నేను నేడు ప్రస్తావించదలచినది దానిని గురించి కాదు. గొర్రెల మందల వెంట ఏటేటా వందల మైళ్ళు ప్రయాణించిన సంచార తెగల స్త్రీలు నేసిన ఉన్ని తివాచీని గురించి.

ఇరాన్‌లో బఖ్తియారీలు, అఫ్షారులు, షాసెవన్లు, బలూచీలు మున్నగువారందరికీ తమతమ నేత సంప్రదాయాలు ఉన్నాయి. కాలం పరిమితం కనుక ఫార్స్ రాష్ట్రంలోని ఖష్ఖాయీలను మాత్రమే తీసుకుంటాను. వీరి భాష తుర్కీ. వేసవిలో జాగ్రోస్ పర్వతాల మీది పచ్చిక బయళ్ళకు, శీతకాలంలో పర్షియన్ సింధుశాఖ వైపున ఉన్న వెచ్చని నేలలకు తరలిపోవడం వీరి పూర్వాచారం.

వారి మగ్గం నిలువుగా నిలిపేది కాదు, నేలమీద పరచేది. రెండు దూలాల నడుమ పడుగు బిగించి, మేకులు దిగగొట్టి, దానిపై కూర్చుండి నేస్తారు. విడిది ఎత్తవలసి వచ్చినప్పుడు మేకులు పెరికి, సగం నేసిన తివాచీని దూలానికి చుట్టి పశువు వీపున కట్టేవారు. మరొక చోట తిరిగి బిగించినప్పుడు పడుగు బిగువు మునుపటి వలె ఉండదు. పాత తివాచీల అంచులు వంకర పోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. నగరాల నేతగాండ్ర వలె వీరికి గళ్ళ కాగితంపై గీసిన నమూనా ఉండేది కాదు. తల్లి చేతిని చూచి కూతురు నేర్చుకొన్నదే నమూనా.

రంగుల సంగతి మరింత ఆసక్తికరం. ఎరుపు మంజిష్ఠ జాతి మొక్క వేరు నుండి, గోధుమ రంగు అక్రోటు కాయ పైతొక్క నుండి లభించేవి. నీలిమందు చాలాకాలం మన దేశం నుండి కూడా ఇరాన్‌కు ఎగుమతి అయ్యేది. ఒక్కొక్క కాగులో కొద్ది ఉన్ని మాత్రమే అద్దడం వలన తరువాతి విడత రంగు కొంచెం తేడాగా వచ్చేది. అందుచేత ఒకే ఎరుపు నేలలో అడ్డంగా చారలు కనిపిస్తాయి. దీనిని అబ్రష్ అంటారు. తెలియనివారు లోపమని భావిస్తారు. నాకు మాత్రం అది నేత సాగిన రోజుల లెక్క వలె తోస్తుంది.

19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఐరోపా నుండి చవుకైన అనిలిన్ రంగులు వచ్చిపడ్డాయి. అవి వెలిసిపోవడం చూచి ఇరాన్ ప్రభుత్వం వాటి దిగుమతిని నిషేధించింది గాని, అవి పూర్తిగా ఆగలేదు. అంతకంటె పెద్ద దెబ్బ 1930 ప్రాంతాలలో తగిలింది. రెజా షా ప్రభుత్వం తెగలను బలవంతంగా ఒకచోట స్థిరపరచబూనింది. కదలిక నిలిచిపోగా అనేక మందలు నశించాయి. మంద లేనిదే ఉన్ని ఎక్కడిది? 1941లో షా పదవీచ్యుతుడైన పిమ్మట పలువురు తిరిగి వలసబాట పట్టారు.

ఇక పేరు మాట. ఖష్ఖాయి స్త్రీ నేసిన తివాచీ షిరాజ్ నగరపు బజారులో అమ్ముడుపోయి, లోకానికి 'షిరాజ్' తివాచీగా పరిచయమయింది. తుర్కమన్ స్త్రీల నేత 'బొఖారా' అయినది కూడా ఇట్లే. మన ఏలూరు తివాచీలు ఇందుకు భిన్నం. అవి నేసిన ఊరి పేరుతోనే ప్రసిద్ధికెక్కాయి. షిరాజ్ పేరున చెల్లిన వాటిలో ఎన్ని ఏ తెగవో, ఏ గుడారానివో తేల్చడానికి నేటి పరిశోధకులు ముడుల తీరును, పడుగు పేకల ఉన్నిని పరీక్షించవలసి వస్తున్నది.

అమ్మకానికి కాక ఇంటివాడుకకు నేసుకొన్న గబ్బే అనే ముతక, మందపాటి తివాచీని వర్తకులు చిరకాలం పట్టించుకోలేదు. సింహాల బొమ్మలతో నేసిన గబ్బేలను శిల్పి పర్వీజ్ తనావొలీ సేకరించి గ్రంథస్థం చేసిన తరువాత వాటి విలువ పలువురికి తెలిసింది. 2010లో ఫార్స్ తివాచీ నేత నైపుణ్యం యునెస్కో వారి అమూర్త వారసత్వ జాబితాకెక్కింది. పురుషులు ఉన్ని కత్తిరించి మగ్గం అమర్చుతారనీ, వడకడం, రంగు వేయడం, నేయడం స్త్రీల పనులనీ అందులో స్పష్టంగా వ్రాయబడింది.

కొన్ని పాత తివాచీల మూలన హిజ్రీ సంవత్సరం నేయబడి ఉంటుంది. వాటిలో అంకెలు తిరగబడినవీ కలవు. చదువు రాని చేయి, మరొక తివాచీ మీది అంకెలను పూవును నేసినట్లే చూచి నేసినది.