పట్టా చూడాలె, అడవినీ చూడాలె



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన గూడేల్లో చదువుకున్న పిల్లల్ని రెండు రకాలుగా చూస్తున్న. ఒకరు స్టేజీ ఎక్కి 'జల్ జంగల్ జమీన్' అంటే గుట్టలు మారుమోగుతయి. కానీ సొంత అవ్వ పోడు దరఖాస్తు ఎందుకు తిరస్కరించిన్రో వాళ్లకు తెల్వదు. ఇంకొకరు ఫారాలు నింపుతరు, జిరాక్సులు తీస్తరు, ఆఫీసుల చుట్టూ తిరుగుతరు. అయ్యకు పట్టా వచ్చిన రోజే వాళ్ల ఉద్యమం అయిపోతది. ఈ రెండింటితోనూ మనకు నష్టమే.

ముందు కాగితం సంగతి. 2006 అటవీ హక్కుల చట్టంలో ఒక తేదీ ఉంది: 2005 డిసెంబర్ 13. ఆ రోజుకు భూమి మన సాగులో ఉండాలె. సాగులో ఉన్నంత మేరకే హక్కు, అదీ 4 హెక్టార్లకు మించకుండా, అంటే పదెకరాలకు కొంచెం తక్కువ. పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద రావాలె. దరఖాస్తుకు కనీసం రెండు సాక్ష్యాలు జత చెయ్యాలె. సాక్ష్యం అంటే సర్కారు కాగితమే కాదు. పాత గట్టు, బావి, సమాధులు, దేవర స్థలం కూడా సాక్ష్యాలే. దరఖాస్తు పెట్టినోళ్లు కాకుండా వేరే పెద్దమనిషి చెప్పింది రాసుకుంటే అదీ సాక్ష్యమే. "కాగితం లేదు, పొండి" అని ఎవరన్నా అంటే 13వ రూలు తీసి చూపించాలె.

గ్రామసభకు సభ్యుల్లో సగం మంది రావాలె. వచ్చినోళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలె. దరఖాస్తు తిరస్కరిస్తే ఆ సంగతి, కారణం మనకు తెలియజెయ్యాలె. 60 రోజుల్లో పై కమిటీకి పోవచ్చు.

ఇవన్నీ చిన్న విషయాలు అనిపిస్తయి. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తులు తిరస్కరించినోళ్లను అడవి నుంచి ఖాళీ చేయించాలని రాష్ట్రాలకు చెప్పింది. దేశంలో లక్షల కుటుంబాల గుండె ఆగినంత పనైంది. ఫిబ్రవరి 28న అదే కోర్టు ఆ ఆదేశాన్ని ఆపి, తిరస్కరించేటప్పుడు పద్ధతి పాటించిన్రా లేదా చెప్పమని రాష్ట్రాలను అడిగింది. అవ్వకు నోటీసు అందిందా, కారణం చెప్పిన్రా అనే ఆ చిన్న ప్రశ్న మీదనే లక్షల ఇండ్లు ఆధారపడ్డయి.

ఇప్పుడు అడవి సంగతి. మనోళ్లు ఎక్కువగా ఫారం ఏ నింపుతరు. అది ఒక కుటుంబం భూమికి. ఫారం బి ఊరుమ్మడి హక్కులకు. ఫారం సి ఊరి సంప్రదాయ హద్దుల్లో ఉన్న అడవిని కాపాడుకునే, నడుపుకునే హక్కుకు. నీ మూడెకరాలకు పట్టా వచ్చింది, సంతోషం. మరి ఇప్పపువ్వు ఎక్కడ ఏరుతవ్? తునికాకు ఎక్కడ కోస్తవ్? పశువులు ఎక్కడ మేస్తయి? చుట్టూ అడవి పోయినంక నడుమ పట్టా పట్టుకొని ఏం జేస్తం?

ఒడిశాలో నియమగిరిని గుర్తు చేసుకోండి. డోంగ్రియా కోందులు ఆ కొండను నియమరాజు ఇల్లుగా కొలుస్తరు. బాక్సైట్ గని మీద ఏండ్ల తరబడి కొట్లాడిన్రు. ఆ కొలుపు హక్కు సంగతి గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 ఊర్లలో సభలు పెడితే 12 ఊర్లూ గని వద్దన్నయి. ఏ కొండ మీద ఎవరిని కొలుస్తమో ఊరూరా చెప్పి, తీర్మానం రాయించిన్రు. ఆ కొట్లాట, ఆ తీర్మానం కలిసి కొండను నిలబెట్టినయి.

మీకు ఒక్క పని అప్పజెప్తున్న. వచ్చే గ్రామసభలో లేచి, "మన ఊరి ఫారం సి ఎక్కడుంది?" అని అడగండి. పెట్టలేదంటే పెద్దోళ్లను వెంటబెట్టుకొని ఊరి హద్దు మొత్తం నడవండి. ఏ వాగు, ఏ బండ, ఏ చెట్టు, దాని పేరేంది, అన్నీ నోట్‌బుక్కుల రాసుకోండి. ఆ హద్దులు ఇయ్యాల మన తాతల నోట్లనే ఉన్నయి. తాత పోతే హద్దు కూడా పోతది.

అందుకే ఈ ఎండాకాలం దాటకముందే నడవండి. జోహార్.