క్రొత్త పలక: అంతర్జాల విద్యాసాధనములను గూర్చి విద్యార్థుల తొలి యభిప్రాయములు

(యర్రగొండపాలెమున జరిగిన వార్షిక మహాసభలో విద్యార్థుల పక్షమున చదువబడిన యుపన్యాసము)



మన వార్షిక మహాసభలలో విద్యను గూర్చి పెద్దలు బిడ్డలకు హితవు చెప్పుట వాడుక. ఈ సంవత్సరము ఆ వాడుకను కొంచెము మార్చి, చదువుకొనుచున్న మమ్మే మాటలాడుమని ఆహ్వానసంఘమువారు సెలవిచ్చిరి. అందులకు మా వందనములు. అంతర్జాలము ద్వారా నేడు లభించుచున్న విద్యాసాధనములు తొలిసారి చేతికి వచ్చినప్పుడు మాకేమి తోచినది, వానివలన కలిగిన మేలేమి, వాని కొరత యేది, ఆ కొరత తీర్చుటకు మన సంఘము చేయదగిన పని యేది, ఈ నాలుగు విషయములను మాత్రమే మనవి చేసికొందుము.

విద్యాసాధనములతో మన ప్రాంతమునకు గల సంబంధము క్రొత్తది కాదు. మన పొరుగున నున్న మార్కాపురపు గనులలో దొరకు నల్లరాతిని పలుచగా చీల్చి, నునుపుచేసి, చుట్టును కొయ్యచట్రము బిగించి చేసిన పలకలు దేశమందలి యెన్నో బడులకు పోయినవి. ఆ పలకలమీద ఓనమాలు దిద్దినవారు ఈ సభలోనే యెందరో కలరు. పలక తనంతట తా నేమియు నేర్పదు. ప్రక్కన కూర్చుండి చేయిపట్టి దిద్దించువా రున్ననే దానిమీద అక్షరము కుదురును. నేటి టాబును, ఫోనును, కంప్యూటరును మేము క్రొత్త పలకలనియే తలచుచున్నాము. మా యుపన్యాసమునకు సారాంశ మిదియే.

దూరముననున్నవారికి విద్య నందించు ప్రయత్నము తెలుగునాట చాలకాలముగా జరుగుచున్నది. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరకాలము, అమెరికావారి యుపగ్రహము సహాయమున, ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారము చేయబడినవి. ఆ యారింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1982లో హైదరాబాదున సార్వత్రిక విశ్వవిద్యాలయము నెలకొల్పబడినది. మన దేశమున ఆ తరగతి విశ్వవిద్యాలయములలో అదియే మొదటిది, ఆచార్య జి. రాంరెడ్డిగారు దానికి తొలి ఉపకులపతి. 1991లో దానికి డాక్టరు బి.ఆర్. అంబేద్కర్ గారి పేరు పెట్టిరి. సేద్యమును, కొలువును విడువకయే పట్టము పొందుటకు అది యెందరికో దారి చూపినది.

పిమ్మట 2008లో, పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థుల కొరకు నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో ట్రిపుల్ ఐటీలు వెలసినవి. ప్రతి విద్యార్థి చేతను లాప్‌టాపు నుంచి, ఆరేండ్లు చదివించుట వాని పద్ధతి. ఆ విశ్వవిద్యాలయమునకు తొలి కులాధిపతియైన రాజ్ రెడ్డిగారు నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున పుట్టి, తమ కుటుంబమున కాలేజీ మెట్లెక్కిన మొదటివారై, 1994లో కంప్యూటరు శాస్త్రమునకు గాను ట్యూరింగ్ బహుమానము నందుకొనిరి. పల్లెటూరి పిల్లవానికి తగిన సాధనము దొరకెనేని వాడెంత దూరము పోగలడో చెప్పుటకు వారి జీవితమే చాలును.

2020 మార్చిలో కరోనా వ్యాధి కారణముగా బడులు మూతపడినప్పుడు, అంతవరకు కొందరికి మాత్రమే తెలిసిన ఈ సాధనములు ఇంటింటి మాటయైనవి. దూరదర్శన్ సప్తగిరిలోను, ఫోనులలోను పాఠములు వచ్చినవి. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వమువారు ఎనిమిదవ తరగతి విద్యార్థులకును, ఉపాధ్యాయులకును కలిపి ఐదు లక్షలకు పైగా టాబులను పంచిరి. పాఠములు వానియందే నింపియుండుటచే సిగ్నలు అందని నల్లమల యంచు గ్రామములలో సయితము అవి పనికివచ్చినవి.

ఇక మా యనుభవములను మనవి చేయుదుము. మొదట కలిగినది ఆశ్చర్యము. గుండె యెట్లు కొట్టుకొనునో, దాని కవాటము లెట్లు తెరచుకొని మూసికొనునో పుస్తకములోని వర్ణనను కంఠస్థము చేసియుంటిమే గాని, మనసున పట్టించుకొని యెరుగము. తెరమీద ఆ గుండె కదలుచుండగా చూచినప్పుడు, కంఠస్థము చేసిన మాటలకు అర్థము తోచినది. ప్రయోగశాలలో సామగ్రి చాలని బడులలో చదివినవారికి, ద్రావకము రంగు మారుట కన్నులార చూచుటయే గొప్ప.

రెండవది ధైర్యము. తరగతిలో అందరి నడుమ లేచి "అయ్యా, నాకు తెలియలేదు" అనుటకు సిగ్గుపడువారమే మాలో పెక్కుమంది. తెరమీది గురువును పదిమార్లు వెనుకకు మరల్చినను విసుగుకొనడు; నవ్వువారును లేరు. తెలుగు మాధ్యమమున చదివి, కాలేజీలో హఠాత్తుగా ఇంగ్లీషు పాఠములలో పడినవారికి, ఒకే పాఠమును ముందు తెలుగున విని పిమ్మట ఇంగ్లీషున వినుటకు వీలు కలిగినది. చదువు మానుకొందమని తలచినవారు కొందరు దీనివలన నిలదొక్కుకొనిరి.

మూడవది తికమక. ఒక్క బీజగణితపు సూత్రము కొరకు వెదకినచో నూరు పాఠములు కానవచ్చును. ఏది మంచిదో, ఏది ముందు చదువవలెనో చెప్పువారు లేరు. సంతలో సరకు విస్తారముగానున్నను, బేరమెరుగని పిల్లవాడు ఉత్తచేతులతో తిరిగివచ్చినట్లు, గంటసేపు వెదకి ఏమియు చదువక నిదురించిన రాత్రులు మాకు కలవు.

తల్లిదండ్రు లెరుగవలసిన సంగతి యొకటి కలదు. మేలైన పాఠములలో పెక్కింటికి రుసుము లేదు. 2017లో ఆరంభమైన 'దీక్ష'లో బడిపాఠములు కలవు. పాఠ్యపుస్తకపు పుటలో ముద్రించిన చదరపు గుర్తును ఫోనుకు చూపినచో ఆ పాఠమునకు సంబంధించిన దృశ్యము తెరమీదికి వచ్చును. ఐ.ఐ.టి.లును, బెంగుళూరు భారత విజ్ఞానసంస్థయు కలిసి 2003లో మొదలిడిన 'ఎన్‌పీటెల్'లో ఇంజనీరింగు చదువువారికి ఆచార్యుల యుపన్యాసములు దొరకును. 'స్వయం'లో చదువుట యుచితము. ధ్రువపత్రము కోరువారు మాత్రము పరీక్షకు రుసుము చెల్లింపవలెను. అప్పుచేసి వేలరూపాయల పాఠముల 'ప్యాకేజీ' కొనుటకు పూర్వము వీనిని పరిశీలింపుడని మా ప్రార్థన.

పేరుపొందిన 'ఖాన్ అకాడమీ' పుట్టిన విధము మన సంఘమువారు వినదగినది. అమెరికాలో నొక కొలువు చేయుచుండిన సల్మాన్ ఖాన్ అను యువకుడు, 2004లో దూరపు ఊరనున్న తన బంధువుల బిడ్డకు లెక్కలు రాలేదని తెలిసి, తీరిక వేళల ఫోనులోను కంప్యూటరులోను పాఠము చెప్పసాగెను. తక్కిన బంధువుల పిల్లలును చేరిరి. అందరికి వేరువేరుగా చెప్పలేక పాఠములను దృశ్యములుగా తీసి యూట్యూబున నుంచెను. 2008లో అది ధర్మసంస్థయై, నేడు లోకమంతటను చదువబడుచున్నది. బంధువర్గమున నొక పెద్దవాడు ఒక బిడ్డకు వారమున కొన్ని గంటలు కేటాయించుటయే దానికి మూలము. ఆ పని మనలో చేయగలవారు లేరా?

గుణములు చెప్పినట్లే దోషములును చెప్పవలెను. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యులు కృత్రిమ మేధను గూర్చి అంతర్జాలమున నొక తరగతి నుచితముగా నడిపినప్పుడు లోకము నలుమూలలనుండి సుమారు 1,60,000 మంది చేరిరి. కడవరకు నిలిచినవారు ఇరువదివేలకు కొంచెము పైబడిరి. చేరుట సులభమైనచోట మానుటయు సులభమే. బడిగంటయు, హాజరుపట్టీయు, ఉపాధ్యాయుని చూపును మనలను చదువునకు కట్టియుంచుచున్నవని మేము ఇప్పుడు తెలిసికొంటిమి.

ఫోను చదువునకు మాత్రమే తలుపు కాదు. గ్రామీణ భారతమున 14 మొదలు 16 ఏండ్ల పిల్లలను గూర్చి 2024లో 'అసర్' అను సర్వే జరిగినది. వారిలో నూటికి 82 మందికి స్మార్టుఫోను వాడుట తెలియును. అంతకు ముందు వారమున దానిని చదువునకు వాడినవారు నూటికి 57 మంది. సామాజిక మాధ్యమములకు వాడినవారు 76 మంది. ఈ లెక్క మాకు పరాయిది కాదు. పాఠము చూడబోయి ఆటపాటల దృశ్యములలో పడుట మాలో ఎవరికి తెలియదు?

2022 నవంబరులో 'చాట్‌జీపీటీ' వచ్చినపిమ్మట మరియొక చిక్కు ఏర్పడినది. ఏ ప్రశ్న వేసినను క్షణములో సమాధానము వ్రాసియిచ్చు యంత్రములు ఇప్పుడు పెక్కు కలవు. తెలియని సంగతిని మరల మరల అడిగి తెలిసికొనువానికి అవి మంచి తోడు. ఇంటిపనికై ఇచ్చిన లెక్కను దానిచేత చేయించి నకలు వ్రాసికొనువానికి పరీక్షనాడు చేతిలో నేమియు మిగులదు. అవి యెంతో నమ్మకముగా తప్పులను సయితము చెప్పుచుండును. తప్పును తప్పని గుర్తించుటకు ముందుగా కొంత చదువు కావలెను గదా!

సాధనములకు వెలుపలి యిబ్బందులు ఇంకను పెద్దవి. మన పశ్చిమ ప్రాంతమున వానలు తక్కువ. పనుల కొరకు వలసపోవు కుటుంబములు అనేకములు. ఇంటికి ఒకటే ఫోను. తండ్రి పనికి పోవునప్పుడు అది ఆయన జేబులోనే పోవును. రాత్రి తిరిగివచ్చినపిమ్మట మొదట అన్నకో తమ్మునికో దక్కును. ఆడపిల్ల వంతు వచ్చుసరికి చార్జింగు ఉండదు. ఇది మా యూహ కాదు. పైన చెప్పిన సర్వేలోనే, ఫోను వాడుట తెలిసిన పిల్లలలో సొంత ఫోను గలవారు బాలురలో నూటికి 36 మందియు, బాలికలలో 27 మందియు నని తేలినది. ఆడపిల్ల చేతిలో ఫోను చూచినచో అనుమానించుటయు, మగపిల్లవాని చేతిలో చూచినచో ముచ్చటపడుటయు మన యిండ్లలో నున్న సంగతియే. తల్లులారా! ఈ భేదమును తీర్చుట మీ చేతిలోనే యున్నది.

కావున మేము తెలిసికొన్న దేమనగా, పాఠములకు నేడు కరవు లేదు. కరవైనవి మూడు: కూర్చుండి చదువుటకు చోటు, చదువుటకు వేళ, దారిచూపుటకు మనిషి. ఈ మూడును అంతర్జాలమున దొరకవు. సంఘము తలచిననే దొరకును. పూర్వము దూరపుపల్లెల బిడ్డలు పట్టణములలో చదువుటకు చోటులేక తిరుగునప్పుడు, నానాసంఘములవారు చందాలు పోగుచేసి వసతిగృహములు కట్టించిరి. ఆ గృహములలో అన్నము తిని చదివినవారు పెద్దపదవుల కెక్కిరి. నాటి యవసరమునకు అది. నేటి యవసరమునకు మేము కోరున దిది.

మొదటిది: యర్రగొండపాలెమున సంఘపక్షమున నొక పఠనమందిరము నేర్పాటు చేయుడు. పది కంప్యూటర్లు, నమ్మకమైన నెట్టు, కరెంటు పోయినప్పుడు నడచు ఇన్వర్టరు, వీనితోపాటు పుస్తకముల బీరువా యొకటి చాలును. వేదిక యలంకారమునకును, పూలదండలకును, శాలువలకును అగు వ్యయములో కొంత ఇటు మరల్చినను పని సాగును.

రెండవది: బడి విడిచినది మొదలు చీకటిపడువరకు గల వేళను బాలికలకు ప్రత్యేకింపుడు. అక్కడ నొక పెద్దామె కావలిగా నుండిన తల్లిదండ్రులు సందేహింపక పంపుదురు.

మూడవది: హైదరాబాదు, బెంగుళూరులలోను, విదేశములలోను కొలువులు చేయుచున్న మన యువకులు, యువతులు వారమున కొక గంట తెరమీద కనబడి, ఒక్కొక్కరు ఐదుగురు విద్యార్థులకు ఏది చదువవలెనో, ఏది విడువవలెనో చెప్పవలెను. ఇందుకు ధనముతో పని లేదు. కాలేజీలలో చదువుచున్న మేమును, సెలవుదినములలో బడిపిల్లలకు ఈ సాయము చేయుటకు సిద్ధముగా నున్నాము. ఈ సభలోనే పేర్లు వ్రాయింతుము.

నాలుగవది: ఆ మందిరపు వాకిలి మన కులమువారికే గాక, చుట్టుపట్ల తండాలనుండి, చెంచుగూడెములనుండి వచ్చు బిడ్డలకును తెరచియుండవలెను. చదువు పంచుకొన్నకొలది పెరుగునది. దానికి కులము కంచె కారాదు.

పోషకులగు పెద్దలు ఈ మనవిని నేటి తీర్మానములలో చేర్చి, వచ్చు మహాసభలోపల ఒక్క గదినైనను తెరిపింతురని నమ్ముచున్నాము.